బిళ్ళ మీద కొబ్బరికాయ

మా పెరట్లో నీళ్ళ తొట్టి ఎందుకు కారుతోందని వీధంతా అడుగుతోంది. ఎలకలు కొరికాయని చెప్పి చూశాను. సిమెంటు తొట్టిని కొరికే ఎలకలు మా ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో ఎక్కడున్నాయని నవ్వారు. సరే, టీ చల్లారేలోగా నిజం చెప్పేస్తాను.

మా అమ్మాయి సుధ ఇక్కడి హిజ్లీ ఇంజనీరింగ్ క్యాంపస్‌లో కాంక్రీటు మీద రీసెర్చ్ చేస్తోంది. సిమెంటు లేని కాంక్రీటు! బొగ్గు బూడిదలో ఏవో రసాయనాలు కలిపి, సన్నటి ఉక్కు తీగ ముక్కలు వేసి, బరువైన గుండ్రటి బిళ్ళలుగా పోస్తారు. జియోపాలిమర్ అట. తర్వాత వాటి మీద ఇనుప గుండు పడేస్తూ, పగిలేదాకా ఎన్ని దెబ్బలు తట్టుకున్నాయో లెక్కపెడతారు. ఇంత చదివి చేసే పని ఇదా అని నేను అనలేదు. అనుకున్నానంతే.

ఆ బిళ్ళలు మూడు ఇంటికి తెచ్చింది. పగుళ్ళు స్పష్టంగా కనబడాలని తెల్ల రంగు వేసి పెరట్లో ఆరబెట్టింది. "అమ్మా, సోమవారం టెస్టు. వీటిని ముట్టుకోకు."

ముట్టుకునేదాన్ని కాదండీ. కానీ తెల్లారితే విశ్వకర్మ పూజ! ఆ రోజు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో స్పానర్ నుంచి లేత్ మిషన్ దాకా అన్నిటికీ బొట్టే. మా ఆయన ఫిట్టరు, ఆయన సుత్తికి కూడా దండ వేస్తాం. మరి పిల్ల పనిముట్లకు? మా పెద్దవాళ్ళంతా పలాసలో ఉన్నారు. ఏదైనా లోపం చేస్తే సరిదిద్దేవాళ్ళు లేరని, సుధ పుట్టినప్పటి నుంచీ నాకు ప్రతిదానికీ భయమే.

పొద్దున్న సుధ స్నానానికి వెళ్ళగానే మూడింటికీ పసుపు, కుంకుమ పెట్టేశాను. దేవుడికి మంచిదే ఇవ్వాలి కదా! అన్నిట్లోకీ నున్నటి బిళ్ళను తొట్టి గట్టు మీద పెట్టి కొబ్బరికాయ కొట్టాను. మెల్లగా. బూడిదతో చేసింది, పగిలిపోతుందేమోనని!

కాయ పగల్లేదు.

అయ్యో, అపశకునం! ఇంకొంచెం గట్టిగా కొట్టాను. ఊహూఁ. "నా పిల్లని గట్టెక్కించు స్వామీ" అంటూ మళ్ళీ. పీచు ఊడింది గానీ కాయ చెక్కుచెదరలేదు. లోపలి నుంచి మా ఆయన కేక: "ఏటే ఆ సప్పుడు? పెరట్లోకి ఇంజన్ గానీ వచ్చినాదా?"

కంగారులో కళ్ళు మూసుకుని, ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. కాయ ఠక్కున రెండు చెక్కలైంది! అబ్బ, ఎంత ఆనందమో! బిళ్ళ గట్టు మీంచి దొర్లేదాకా. పూజకని తోమి ఖాళీగా ఉంచిన తొట్టిలో అది ఢామ్మని పడింది. తొట్టి ఈ చివర నుంచి ఆ చివరకి చీలింది. బిళ్ళ మీద గీత లేదు!

సుధ తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చింది. "అమ్మా! ఎన్ని దెబ్బలు కొట్టినావు?"

"ఎక్కడ లెక్కెట్టినాను తల్లీ, దండం ఎట్టుకుంటన్నాను!"

అది ఏడుస్తుందనుకున్నాను. నేనే ముందు ఏడ్చేశాను. "నా మూలాన నువ్వు దొంగ లెక్క రాయకూడదు, మీ గైడు గారికి ఫోన్ కలుపు" అని పట్టుబట్టి, అంతా ఆయనకి నేనే హిందీలో ఒప్పుకున్నాను. పసుపుతో సహా.

ఆయన నవ్వు ఆపుకుంటూ, "మాషీమా" అని బెంగాలీలో నన్ను పిన్నిని చేసేసి, "దెబ్బలు తిన్న శాంపిల్ పనికిరాదు. ల్యాబ్‌లో స్పేర్ ఒకటుంది, భయపడకండి. కాయ కొట్టిన బిళ్ళ మాత్రం మీరే ఉంచుకోండి" అన్నారు.

మిగతా రెండింటికీ సుధ మళ్ళీ రంగు వేసింది. కుంకుమ ఊరుకుంటుందా? లేత గులాబీ రంగులో తేలాయి. అలాగే టెస్టుకి వెళ్ళాయి, దెబ్బలు కూడా బాగానే తట్టుకున్నాయట. ల్యాబ్‌లో వాటిని పెళ్ళికూతుళ్ళని పిలిచారట.

మా ఆయన మాత్రం తొట్టిని చూసినప్పుడల్లా, "పాపం, దీనికి నువ్వు బొట్టెట్టనేదు" అంటారు.

వచ్చే ఏడు కాయ ఆయనే కొడతారట. నాకు హారతి డ్యూటీ ఇచ్చారు. అదీ గుమ్మం ఇవతలి నుంచి.