సుగుణ అడిగింది, నేను చెప్పింది

ఒక ఆడమనిషి నిండు సభలో అడిగిన మాటను నేను మార్చి చెప్పాను. ఇన్నేళ్ళుగా దాన్ని లోపలే మోస్తున్నాను. మావారికి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనవసరం లేదు. అందుకే మీ దగ్గర నోరు విప్పగలుగుతున్నాను. ఎదురుగా తెలిసిన ముఖం ఉంటే, ఎప్పటిలాగే సగంలో ఆపి, వేరే మాట ఎత్తి, టీ పెట్టడానికి లేచిపోతాను.

మాది తణుకు దగ్గర. పెళ్ళయి సూరత్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మావారు ఊరి పక్కన హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరు. మొదటి రెండేళ్ళూ క్వార్టర్స్‌లో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. తర్వాత పక్కింటివాళ్ళ దగ్గర గుజరాతీ నేర్చుకున్నాను. భాష వచ్చాక ఊరు నాదనిపించింది. చీరల ఎగ్జిబిషన్లు, నవరాత్రి గర్బాలు, వజ్రాల వ్యాపారుల కుటుంబాలు పెద్ద హోటళ్ళలో పెట్టే చారిటీ విందులు. ముంబై నుంచి సినిమా తారలు వచ్చేవాళ్ళు. మొదట్లో పాస్ దొరికితే చాలనుకునేదాన్ని. కొన్నాళ్ళకు నన్ను ఏ టేబుల్ దగ్గర కూర్చోబెట్టారో చూసుకోవడం మొదలుపెట్టాను. ఆ తర్వాత మైకే నా చేతికి వచ్చింది. ఈ కార్యక్రమాలన్నీ నడిపే భావనాబెన్ నన్ను అందరికీ చూపిస్తూ, "దక్షిణాది ఆవిడైనా మన అమ్మాయే" అనేది. ఆ మాటకు ఎంత పొంగిపోయేదాన్నో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. కానీ ఆ పొంగు గురించి చెప్పకుండా మిగతాది చెబితే మీకు నేను అర్థం కాను.

కరోనా వచ్చి అన్నీ ఆగిపోయాయి. రెండో వేవ్‌లో మా అపార్ట్‌మెంట్‌లోనే ముగ్గురు పోయారు. అది తగ్గాక వచ్చిన చలికాలంలో హోటళ్ళ హాళ్ళు మళ్ళీ తెరిచారు. అంతమంది పోయాక ఊరికే విందు చేసుకుంటే బాగుండదు కదా, అందుకని ప్రతి విందుకూ ఒక సాయం తగిలించారు. మొదటిది భావనాబెన్‌దే. భర్తలను పోగొట్టుకున్న పన్నెండుమంది ఆడవాళ్ళకు కుట్టుమిషన్లు ఇవ్వాలి. ఒక సినిమా తార వచ్చి తన చేత్తో ఇస్తుంది. భావనాబెన్ ఫోన్ చేసి, "మీ తెలుగువాళ్ళలో మగ్గాల మీద పనిచేసిన వాళ్ళ ఇంటి ఆడమనిషిని ఒకరిని తీసుకురా. తన భాషలోనే మాట్లాడనీ. నువ్వు గుజరాతీలో చెబుదువుగాని. సభ కదిలిపోతుంది" అంది.

నేను షేర్ ఆటోలో మగ్గాల పనివాళ్ళుండే లింబాయత్ పేటకు వెళ్ళాను. అన్నేళ్ళలో అటు వెళ్ళడం అదే మొదటిసారి. సందులో ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు ఒదగాలి. రెండు పక్కల నుంచీ మరమగ్గాల చప్పుడు. అక్కడ ఒక గదిలో చీరకు రాళ్ళు అతికిస్తూ కూర్చున్న సుగుణను చూపించారు. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయేమో. జగిత్యాల దగ్గర పల్లె. భర్త రాజేశం ఇక్కడ మగ్గాల షెడ్డులో పనిచేసి రెండో వేవ్‌లో పోయాడు. అప్పుడామె తన పల్లెలోనే ఉంది. మూడు నెలల కిందట మరిదితో వచ్చి, వాళ్ళింట్లోనే ఉంటోంది. ఆమెకు హిందీ రాదు, గుజరాతీ అసలే రాదు.

నేను విషయం చెప్పాను. ఆమె నన్ను మేడం అంటుంటే, "అక్కా అను, పర్వాలేదు" అన్నాను.

"పెద్దోళ్ళందరు వస్తరా అక్కా?"

"వస్తారు."

"నన్ను మాట్లాడనిస్తరా?"

"నీ మనసులో ఏముంటే అది మాట్లాడు. మైకు నీ చేతికే ఇస్తారు."

ఆమె రాళ్ళ డబ్బా పక్కన పెట్టింది. "నా మాట వాళ్ళకు సమజ్ గాదు గద. మీరు ఉన్నదున్నట్లు చెప్తరా?"

"ఉన్నదున్నట్లు చెప్తాను" అన్నాను.

రాజేశం ఎలా పోయాడని నేను అడగలేదు. జ్వరమే అయి ఉంటుందనుకున్నాను. అప్పుడే అడిగి, విని ఉంటే? ఆమెను వదిలేసి ఇంకో గది తలుపు కొట్టి ఉండేదాన్ని. అదీ నాకు తెలుసు.

రాత్రి కర్ఫ్యూ ఇంకా ఉన్న రోజులు, అందుకని కార్యక్రమం మధ్యాహ్నం మూడింటికే పెట్టారు. హాలు బయట ఫొటోల ప్రదర్శన. లాక్‌డౌన్‌లో మూటలు నెత్తిన పెట్టుకుని నడిచిపోతున్న మనుషులు, ఖాళీ రైలు పట్టాలు, మూసిన షట్టర్లు, అన్నిటికీ నల్లటి ఫ్రేములు. వాటి ముందు జ్యూస్ గ్లాసులతో జనం. మాస్కులు చీరలకు మ్యాచింగ్. నాదీ అంతే. సుగుణ ఒక ఫొటో ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత హాల్లోకి వచ్చి మిగతా పదకొండు మందితో కూర్చుంది. కాసేపటికి నన్ను పిలిచి, ముందు వరసలో తెల్ల కోటు వేసుకున్న పెద్దాయనను చూపిస్తూ ఆయనెవరని అడిగింది. ఫలానా సేఠ్, చాలా మగ్గాల షెడ్లున్నాయి, ఈ కార్యక్రమానికి ఎక్కువ ఇచ్చింది ఆయనే అని చెప్పాను. "దీపావళికి మిఠాయి డబ్బలు ఇయ్యంగ మా ఆయన ఫొటో పంపిండు. గీయనే" అంది. నేను సరేనని స్టేజి మీదికి వెళ్ళిపోయాను. తార వచ్చే టైమైంది. నా చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాను.

సుగుణ మైకు పట్టుకుంది. నేను ఒక అడుగు దూరంలో రెండో మైకుతో నిలబడ్డాను. ఆమె తడబడలేదు. ఆమె మాట్లాడినదంతా నాకిప్పటికీ కంఠతా ఉంది.

"నా పేరు సుగుణ. నా పెనిమిటి రాజేశం ఈ ఊర్ల పద్నాలుగేండ్లు సాంచెలు నడిపిండు. కరోనాల జెరమొచ్చింది. దమ్ము ఆడ్తలేదని నాకు ఫోన్ జేసిండు. అందరు ఊర్లకు పారిపోతున్నరని గేటుకు తాళమేసిన్రు, దవఖానకు పోత అన్న ఇడుస్తలేరన్నడు. రెండు దినాలు ఫోన్ల గదే అన్నడు. మూడో దినం ఫోన్ ఎత్తలే. లోపట్నే పాణం వోయింది. గా సేటు గీడనే కూసున్నడు. నాకు మిషిని వద్దు. ఆ రెండు దినాలు తాళంచెవి ఎవ్వని దగ్గరుండె? గదొక్కటి చెప్పమనుండ్రి."

చెబుతూ ఆమె ముందు వరస వైపు చెయ్యి చాపింది. మైకు దించి నా వైపు చూసింది.

నాకెంత సమయం దొరికింది? మూడు క్షణాలు, నాలుగు. తార నన్ను చూసి నవ్వుతోంది, ఏం చెబుతానో వినాలని. భావనాబెన్ కళ్ళతోనే కానీయమంటోంది. సేఠ్ ముఖంలో ఏమీ లేదు, అర్థంకాని భాష వినేవాళ్ళ ముఖంలో ఉండే ఓపిక తప్ప.

ఆమె యాస నాకు సరిగా తెలియలేదని తర్వాత నాకు నేనే చెప్పుకోబోయాను. ఒక్క మాట కూడా అర్థం కాకుండా పోలేదు. ఇది అడిగే చోటు కాదు, తర్వాత ఆయనతో విడిగా మాట్లాడదామని అనుకున్నానా? అలా అనుకున్నట్టే చాలాకాలం నమ్మాను. ఇప్పుడు నిజంగా వెతికితే ఆ క్షణాల్లో నా బుర్రలో ఉన్నది ఒక్కటే: ఇది చెబితే నన్ను మళ్ళీ ఎవరూ పిలవరు.

గుజరాతీలో చెప్పాను. ఈమె పేరు సుగుణ. ఈమె భర్త రాజేశం ఈ ఊళ్ళో పద్నాలుగేళ్ళు మగ్గాలు నడిపాడు. కరోనాలో జ్వరం వచ్చి పోయాడు. అంతవరకూ నిజమే. ఆ పేరు, ఆ జబ్బు పేరు ఆమెకు నా నోటి నుంచి వినిపించాయి. అందుకే మిగతాది కూడా చెప్పాననుకుంది. మిగతాది ఇది: ఈ కష్టంలో ముందు వరసలో కూర్చున్న సేఠ్‌గారి లాంటి పెద్దలు నాకు అన్నలా నిలబడ్డారు, వారికి చేతులెత్తి మొక్కుతున్నాను అంటోంది.

హాలంతా లేచి నిలబడింది. చప్పట్లు. సేఠ్ కూడా లేచాడు. కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుని, స్టేజి దగ్గరకు వచ్చి, సుగుణ ముందు రెండు చేతులూ జోడించాడు. సుగుణ ఆయనను చూస్తూ ఏడ్చింది. కెమెరాలు మెరిశాయి.

అయిపోయాక హోటల్ వెనక, మిషన్లు టెంపోలోకి ఎక్కిస్తున్న చోట ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"అందరు లేసి నిలవడ్డరు గదక్కా. గాయిన గూడ చేతులు జోడిచ్చిండు. తప్పైందన్నట్లే గద?"

నేను టెంపోలోకి ఎక్కుతున్న మిషన్ల వైపు తిరిగాను.

"మిషిని వద్దన్న గద, మల్ల ఎందుకేస్తున్రు? సరే తియ్యి. తాళంచెవి సంగతి ఎప్పుడు చెప్తడట?"

"చెప్తారు. కొంచెం టైం పడుతుంది" అన్నాను.

ఆ హాల్లో తెలుగు తెలిసినవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు, మావారితో పనిచేసే ఒకాయన, ఆయన భార్య. కారెక్కబోతుంటే ఆయన దగ్గరకు వచ్చి, "బాగా మేనేజ్ చేశారండీ" అన్నాడు. భార్య నేల చూపులు చూసింది. మళ్ళీ ఎప్పుడూ మేము ఆ మాట ఎత్తుకోలేదు.

మరుసటి వారం సుగుణ బమ్రోలిలో, రాజేశం పోయిన ఆ షెడ్డుకు వెళ్ళింది. ఇది నాకు ఆమె మరిది ద్వారా తర్వాత తెలిసింది. పోవద్దని అతను ఎంతో చెప్పాడట. వింటుందా? నిండు సభలో ఆయన చేతులు జోడించడం కళ్ళారా చూసిన మనిషి. గేటు దగ్గర వాచ్‌మన్ తరిమితే కదల్లేదు. రెండో రోజు కూడా వెళ్ళింది. ఎవరీమె అని ఆరా తీశారు. మరిది అదే సేఠ్‌కున్న ఇంకో షెడ్డులో పనిచేసేవాడు. మూడో రోజు అతన్ని పనిలోంచి తీసేశారు. ఇంకెక్కడా పెట్టుకోలేదు. నెల తిరక్కుండా అందరూ ఊరికి వెళ్ళిపోయారు.

నేనేం చేశాను? ఏమీ చెయ్యలేదు. ఆ రోజు నుంచి అలాంటి కార్యక్రమాలు మానేశానని మీకు చెప్పాలనుంది. మానలేదు. సంక్రాంతి గాలిపటాల పండగ అయ్యాక ఒక ఎగ్జిబిషన్, తర్వాత ఇంకొకటి. ఏడాదికి ఆ సేఠ్‌కే ఒక సంస్థ సన్మానం చేసింది. ఆయన దయాగుణం గురించి రాసిన రెండు పేజీలు స్టేజి మీద చదివింది నేనే. గొంతు వణకలేదు. అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

సుగుణ వెళ్ళిపోయిన కొన్ని వారాలకు ఫోన్ చేసింది. మధ్యాహ్నం, వంటింట్లో ఉన్నాను.

"అక్కా, నేను సుగుణను. మా మరిది గా దినంది వీడియో సూసిండు. నేను సేటుకు మొక్కుతున్న అన్నట్లు మీరు గుజరాతీల చెప్పిన్రంటున్నడు. నాకు నమ్మబుద్ధి అయితలేదు. మీరు చెప్పిన్రా లేదా?"

గొంతులో కోపం లేదు. అడగాలని అడిగింది, అంతే. అక్కడ నిజం చెప్పి ఉండాల్సింది. చూసేవాళ్ళెవరూ లేరు, తార లేదు, భావనాబెన్ లేదు. స్టేజి మీద భయపడ్డానంటే ఎవరైనా కాస్త అర్థం చేసుకుంటారేమో. ఆ వంటింట్లో నాకు ఏం అడ్డం వచ్చింది?

"నేను నువ్వన్నదంతా చెప్పాను సుగుణా. వీడియోలో వాళ్ళు కట్ చేసి అతికించారు" అన్నాను.

"గట్లనా. నేను గదే అన్న. మీరు చెప్పిన్రంటె సాలక్కా. ఇన్నరు గద, గది సాలు. మావోడు అనవసరంగ మిమ్ముల తిడుతుండు." తర్వాత మా పిల్లలెట్లున్నరని అడిగింది. బాగున్నారని చెప్పాను. పెట్టేసింది.

ఆ తర్వాత ఆమె ఫోన్ చెయ్యలేదు. నేను ఏడాది కిందట చేస్తే ఆ నంబరు పనిచెయ్యడం లేదని వచ్చింది. ఊరు పేరు నాకు తెలుసు. రైలెక్కితే వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. వెళ్ళి చెబితే ఆమెకు మిగిలిన ఆ ఒక్క తృప్తి కూడా లాక్కున్నట్టవుతుందని అనుకుంటాను. మరుక్షణమే, అది కూడా నా పిరికితనానికి నేను తొడిగిన మంచి బట్టేమో అనిపిస్తుంది. ఏది నిజం? రెండూనేమో. ఆమె లోకంలో ఒక హాలునిండా జనం ఆమె మాట విని లేచి నిలబడ్డారు. అలాంటిదేదీ జరగలేదని తెలిసినదాన్ని నేను. ఆమె మరిదికీ తెలుసు, కానీ నా మాట ముందు అతని మాట చెల్లలేదు. అతన్ని ఇంట్లోనే అబద్ధాలకోరును చేశాను.

మీరు నన్ను ఏమీ అనక్కర్లేదు, ఓదార్చనూ అక్కర్లేదు. క్షమించగలిగిన మనిషికి నేను తప్పు చేశాననే తెలియదు. ఆమెకు చెప్పవలసింది ముక్కూముఖం తెలియని మీకు చెప్పడం దొడ్డిదారేనని కూడా తెలుసు. అయినా ఇన్నేళ్ళలో మొదటిసారి దీన్ని కాగితం మీద పెట్టాను. ఆ రోజు ఫోన్లో చెప్పాల్సిన జవాబు ఎంత చిన్నదో ఇప్పుడు చూసుకుంటున్నాను.

లేదు సుగుణా. నేను చెప్పలేదు.