సందులో వెలుతురు

మా చిన్నాయన నడిపే లేత్ షాపులో పనిచేసే మేస్త్రికి చూపు తగ్గిందని నేనింతవరకు ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే పని పోతుందని ఆయన భయం.

హిందూపురంలో ఆ షాపు కిటికీ దగ్గర కూర్చుని నేను చదువుకునేదాన్ని. ఇనుములో మర కోసే ట్యాపును ఎంచుకునేముందు, దాని పళ్ళను బోల్టు పళ్ళకు ఆనించి వెలుతురుకు పట్టడం ఆయన అలవాటు. సందు కనిపిస్తే అది వేరే కొలత. మిల్లీమీటరు బోల్టులు కొత్తగా వస్తున్న రోజులవి. అంగుళాల ట్యాపుతో కోస్తే, మొదట బాగానే ఎక్కిన బోల్టు లోతైన రంధ్రంలో సగానికే బిగుసుకుపోయేది.

ఒకరోజు పెనుకొండ రైతు ఒకాయన మర కోయించడానికి పంపు ముక్క, దాని బోల్టు తెచ్చాడు. "చెడగొట్టొద్దప్పా, చేను ఎండిపోతాంది."

మేస్త్రి రెండు ట్యాపులు వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. చివరకు కిటికీ దగ్గరకొచ్చి, "నా కంటికి ఆనడంలేదు పాపా. దేంట్లో సందుండాది?" అన్నాడు మెల్లగా.

మొదటిదానికి తల ఊపాను.

"తలకాయ ఊపితే నాకేం తెలుస్తాది? నోరిప్పు."

"దీంట్లో ఉండాది. దాంట్లో లేదు," అన్నాను. పరాయివాళ్ళతో అంత మాట్లాడడం నాకదే మొదలు.

ఆయన రెండోదానికి నూనె పూసి, కొంత ముందుకూ కొంత వెనక్కూ తిప్పుతూ అడుగుదాకా కోశాడు. బోల్టు వేళ్ళతో తిప్పితేనే దిగిపోయింది. రైతు నవ్వాడు.

పెళ్ళయ్యేదాకా అలా చెబుతూనే ఉన్నాను. నేను ధర్మవరం బస్సెక్కే రోజు ఆయన వచ్చి అన్నాడు: "కండ్లద్దాలు కొనుక్కుంటాలే పాపా. మీ చిన్నాయన ఏమన్నా అనుకోనీ."