గోరింటాకు చాటున నల్లబడ్డ గోరు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఆడపిల్ల పరుగెత్తిందంటే గేదె తాడు తెంపుకునైనా ఉండాలి, కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల మీద వానైనా పడుతుండాలి. ఊరికే, పరుగంటే ఇష్టంతో పరుగెత్తే ఆడపిల్ల మా పక్కింటి అక్క ఒక్కతే. మా ఊరు శావల్యాపురానికి దగ్గర. అక్క తొమ్మిదో తరగతి, నేను ఏడు. తెల్లవారగానే ఆమె సాగర్ కాలువ కట్ట మీద పరుగెత్తేది. నేను వెనకాలే వట్టి కాళ్ళతో వెళ్ళేదాన్ని. చాలాసేపటికి గాని అందుకునేదాన్ని కాదు. ఆమె ఆగి నా కోసం చూసేది.

ఆ ఏడు అక్కకు వాళ్ళ మేనమామ నరసరావుపేట నుంచి కొత్త కాన్వాసు బూట్లు తెచ్చాడు. పాతవి నాకిస్తానంది. ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. అయితే ఒక చిక్కు ఉంది. నా పాదాలు మా నాన్న పోలిక, వయసుకు మించి పెద్దవి. అక్క వాళ్ళ అరుగు మీద నన్ను కూర్చోబెట్టి, బూట్లు తొడిగి, మడమ వెనక్కి ఆనేట్టు నేలకేసి తట్టించి, చీలమండ దగ్గర తాడు బిగించి కట్టింది. కట్ట దిగేటప్పుడు పాదం ముందుకు జారి వేళ్ళు గుద్దుకోకుండా ఉండాలంటే అక్కడే బిగించాలని చెప్పింది. తర్వాత బొటనవేలి దగ్గర బూటును తన వేలితో నొక్కి చూసింది.

"ఇక్కడ వేలెడు ఖాళీ ఉండాల. ఇరుగ్గా ఉంటే చెప్పు. ఇంకో ఏడాది ఆగైనా కొనుక్కోవచ్చు."

నేను లోపల వేళ్ళు ముడుచుకున్నాను. ఆమె వేలికి ఖాళీ తగిలింది. అయినా అనుమానం తీరక నా మొహంలోకి చూసి మళ్ళీ అడిగింది. సరిపోయాయక్కా అన్నాను. అప్పుడు అరబ్లేడు తీసుకుని నా కాలిగోళ్ళు తనే తీసింది. మూలలు గుండ్రంగా కోస్తే గోరు కండలోకి దిగుతుందనీ, అడ్డంగా తిన్నగా కోయాలనీ, మరీ లోపలికి కోయకూడదనీ చెబుతూ ఒక్కొక్క వేలూ పట్టుకుని తీసింది. మా అమ్మ కూడా నా కాళ్ళను అంత శ్రద్ధగా ఎన్నడూ పట్టుకోలేదు.

వారం తిరక్కుండానే కుడికాలి బొటనవేలి గోరు కింద ఎర్రగా కమిలింది. తర్వాత నల్లబడింది. రాత్రి దుప్పటి తగిలినా సలుపు. చెబితే బూట్లు తిరిగి ఇచ్చేయాలి. స్కూల్లో ఆడపిల్లల్లో బూట్లున్నది అక్క తర్వాత నాకే. అట్లతద్దికి అందరూ చేతులకు గోరింటాకు పెట్టుకుంటుంటే నేను కాళ్ళ వేళ్ళన్నిటికీ కూడా దట్టంగా పెట్టుకున్నాను. ఎర్రటి వేళ్ళ మధ్య ఆ నలుపు ఎవరికీ కనపడలేదు. బాగా పండిందని మా అమ్మ మురిసింది కూడా.

ఎనిమిది వందల మీటర్లకు అక్కను నరసరావుపేట పోటీలకు అప్పటికే ఎంపిక చేశారు. చిన్నపిల్లల ఎంపిక మరుసటి వారం మా స్కూల్లోనే జరిగింది. రెండో మలుపు తిరుగుతుండగా బూటులో ఏదో లేచిపోయినట్టయింది. నాలుగడుగులు వేసి కూలబడ్డాను. తెల్ల కాన్వాసు ముందు భాగం రక్తంతో తడిసింది. డ్రిల్లు మాస్టారు నన్ను సైకిలు మీద ఇంటికి చేర్చారు.

మా నాన్న చెడ్డవాడు కాదు. కాని ఊళ్ళో ఆయన మాట చెల్లేది. పంచాయతీలో ఆయన లేకుండా ఏదీ తెమిలేది కాదు. మాట పడటం అలవాటు లేని మనిషి. మా అమ్మ నా కాలికి పసుపు అద్ది గుడ్డ కడుతుంటే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఎవరిచ్చారే ఈ బూట్లు?"

"పక్కింటి అక్క."

"ఇరుకని చెప్పలేదా నువ్వు?"

నాకప్పుడు పన్నెండేళ్ళు. ఆయన చేతి వైపు చూశాను. "చెప్పాను నాన్నా. ఏం కాదులే, తొడుక్కోమంది," అన్నాను.

ఆయన చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళాడు. గోడవతల ఆయన గొంతు వినిపించింది. అక్క వాళ్ళ నాన్న ఏమన్నాడో, అసలు ఏమైనా అన్నాడో లేదో నాకు వినపడలేదు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆ సాయంత్రానికే అక్క బూట్లు అటక మీదికి వెళ్ళాయని, ఇక పరుగులూ పోటీలూ లేవని వాళ్ళ నాన్న ఖాయం చేశాడని మా అమ్మ చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం, మా నాన్న పొలంలో ఉన్న వేళ, అక్క మా ఇంటికి వచ్చింది. మా అమ్మ ఏమీ అనకుండా పక్కకు తప్పుకుంది. అక్క గుడ్డ విప్పి చూసి నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని కాంపౌండరు దగ్గరకు తీసుకెళ్ళింది. ఆయన గోరును అటూ ఇటూ చూసి నిట్టూర్చాడు.

"నల్లబడ్డ రోజే తీసుకొస్తే సన్న బొక్క పెట్టి రక్తం వదిలేసేవాణ్ణి. నొప్పీ పోయేది, గోరూ నిలబడేది. ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారమ్మా?"

అక్క తలొంచుకుంది. జవాబు నేను చెప్పవలసింది. ఆమె తలొంచుకుంటే చూస్తూ ఊరుకున్నాను. ఆయన వేలాడుతున్న ముక్క మేరకు కత్తిరించి, అంటుకుని ఉన్నదాన్ని పీకొద్దని, దానంతట అదే ఊడుతుందని చెప్పి మందు రాసి కట్టు కట్టాడు.

ఆ తర్వాత పది రోజులు, మా నాన్న పొలానికి వెళ్ళగానే, అక్క రోజూ పొద్దున్నే వచ్చింది. కట్ట మీద పరుగెత్తే వేళ ఆమెకు ఖాళీ అయింది కదా. కాచి చల్లార్చిన నీళ్ళతో వేలు కడిగి, మెత్తటి గుడ్డతో తడి లేకుండా అద్ది, కొత్త కట్టు కట్టేది. చెప్పు వేలికి తగలకుండా ముందున్న పట్టీ కోసేసింది. గోరు లేని చోట చర్మం గట్టిపడే దాకా మట్టిలో నడవొద్దనేది. నాలుగో రోజో ఐదో రోజో కట్టు ముడి వేస్తూ, తలెత్తకుండా అడిగింది.

"ఒకటి అడుగుతా, కోప్పడనులే. ఆ రోజు బూటులో వేళ్ళు ముడుచుకున్నావా?"

నా పాదం ఆమె ఒళ్ళో ఉంది.

"లేదక్కా," అన్నాను.

ఆమె కాసేపు ఆ పాదాన్ని అలాగే పట్టుకుని కూర్చుంది. తర్వాత సరేలే అని ముడి బిగించి, నీళ్ళ గిన్నె తీసుకుని లేచింది. నరసరావుపేటలో పోటీలు జరిగిన రోజున ఆమె వాళ్ళమ్మతో కలిసి పత్తి తీయడానికి పోయింది. ఆ సాయంత్రం కూడా నా వేలు ఎలా ఉందో చూసి వెళ్ళింది.

పదో తరగతి అయ్యాక అక్కకు గురజాల వైపు పెళ్ళి చేశారు. నా గోరు మళ్ళీ రావడానికి మరుసటి వేసవి పట్టింది. మందంగా, వంకరగా వచ్చింది. నేను చదువుకుని టీచరునయ్యాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆటల కాలం వచ్చినప్పుడల్లా పిల్లలను వరసగా కూర్చోబెట్టి, బూట్లలో వేళ్ళు చాపమని చెప్పి ఒక్కొక్కరి ముందూ వంగి చూసేదాన్ని. గోళ్ళు ఎలా తీసుకోవాలో, తడిసిన సాక్సు ఎందుకు మార్చాలో, గోరు నల్లబడితే ఎందుకు దాచకూడదో చెప్పేదాన్ని. టీచరుగారికి ఎంత తెలుసో అనుకునేవాళ్ళు. ఇదంతా నాకు ఎవరు నేర్పారో, ఆమెకు నేనేం చేశానో మాత్రం ఏ తరగతిలోనూ చెప్పలేదు.

రెండేళ్ళ క్రితం గురజాలలో ఒక పెళ్ళిలో అక్క కనిపించింది. జుట్టంతా తెల్లబడింది. మోకాళ్ళ నొప్పులతో కుర్చీలో నుంచి లేవలేకపోతోంది. పక్కన కూర్చుని, ఇన్నేళ్ళుగా మనసులో కూడబెట్టుకున్న మాటలన్నీ చెప్పేశాను. వేళ్ళు ముడుచుకున్నానని, నాన్నతో అబద్ధం చెప్పానని, నా మూలంగానే ఆమె పరుగు ఆగిపోయిందని.

"పరుగుదేముందే," అంది అక్క. "ఆ ఏడు కాకపోతే పై ఏడైనా మానిపించేవాళ్ళు. ఆ రోజు మీ నాన్న అరుస్తుంటే మా నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నా కూతురు అట్టాంటిది కాదు బాబూ అని ఒక్క మాట అన్నాడు. మీ నాన్న నమ్మలా. మా నాన్నకు అదే ఉండిపోయింది. చానా రోజులు మీ వాకిట్లో నుంచి నడవలా ఆయన. చుట్టు తిరిగి పోయేవాడు."

అది నాకు తెలియదు. ఇన్నేళ్ళూ నేను ఒక పరుగు పందెం గురించి కుమిలిపోతూ వచ్చాను. అక్క వాళ్ళ నాన్న అప్పటికే పోయి చాలా కాలమైంది. మా నాన్న అంతకంటే ముందే పోయాడు. క్షమించమని అడగడానికి ఒకరు లేరు, నిజం చెప్పడానికి ఇంకొకరు లేరు. అక్క నా చెయ్యి ఆసరాగా పట్టుకుని లేచి, భోజనాలకు పోదాం పదమంది. పక్కపక్కనే కూర్చుని తిన్నాం. ఏం తిన్నానో గుర్తు లేదు.

ఇప్పుడు మా మనవరాలు ఏదైనా దాస్తోందని అనిపిస్తే గట్టిగా అడగను. ఒకసారి అడిగి, లేదంటే వెంటనే లేచిపోను. ఇంకాసేపు దాని పక్కనే కూర్చుంటాను. అక్క ఆ రోజు నా పాదం పట్టుకుని ఇంకాసేపు కూర్చుని ఉంటే నేనూ చెప్పేసేదాన్నని అనుకుంటే నాకు తేలికగా ఉంటుంది. కాని ఆమె కూర్చునే ఉంది. చెప్పనిది నేను.