నిర్మల కొన్న కవలల బండి

మా పక్కింటి నిర్మల శంషాబాద్ విమానాశ్రయంలో వీల్‌చెయిర్ డ్యూటీ చేస్తుంది. నడవలేని ప్రయాణికులను విమానం గేటు దాకా తోసుకుపోవడం ఆమె పని. తొమ్మిదేళ్లుగా తోస్తోంది. చక్రాల సంగతి వస్తే ఆమె ముందు ఎవరూ నోరు తెరవడానికి లేదు. నా కుట్టుమిషను చక్రం కిర్రుమంటే నన్ను అడగకుండానే నూనె వేసి పోతుంది.

నిరుడు కాన్పులో కవలలు పుట్టారు, ఇద్దరూ ఆడపిల్లలే. సహస్ర, సమన్వి. ఆరు నెలల సెలవు అయిపోయింది. బతిమాలి తీసుకున్న ఇంకో రెండు నెలలూ అయిపోవచ్చాయి. సోమవారం రాకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటామని సూపర్‌వైజర్ ఫోన్‌లో చెప్పేశాడు. భర్త మధుకు కొత్తూరు కంపెనీలో షిఫ్టులు. ఇక పిల్లలను చూసుకోవలసింది అత్త సక్కుబాయి ఒక్కతే. ఆమె అవుననదు, కాదనదు. “సూద్దాం తియ్యి” అంటుంది. ఆ మాట విని విని నిర్మలకే కాదు, గోడకు ఇవతల ఉన్న నాకూ విసుగు పుట్టింది.

“ఇద్దరిని ఎత్తుకొని తిరుగుడు అత్తమ్మతోని కాదు, స్వరాజ్యమక్కా. పిల్లలను కూసోవెట్టి తోసే బండి కొంటె ఆమె తప్పకుండ ఒప్పుకుంటది” అంది నిర్మల.

నా టేపు తీసుకుపోయి గుమ్మం కొలిచింది. ముప్పై అంగుళాలు. శుక్రవారం పొద్దున నన్ను వెంటబెట్టుకుని బజారుకు బయలుదేరింది. సంచిలో రెండు బియ్యం మూటలు. ఒక్కొక్కటి ఏడు కిలోలు, ఒక్కో పిల్ల ఎంత తూగుతుందో అంత. ఆటో ఎక్కేలోపే నా చెయ్యి లాగేసింది.

దుకాణం వీరేందర్‌ది. అతను ముందుగా ఒకరి వెనక ఒకరు కూర్చునే బండి చూపించాడు. సన్నగా ఉంటుంది, ఏ గుమ్మంలోనైనా పడుతుందన్నాడు. నిర్మల సీట్లలో మూటలు పెట్టి దుకాణమంతా తిప్పింది. గడప దగ్గర ముందు చక్రాలు లేపబోయింది. అవి లేవలేదు.

“అక్కా, పిల్లలకు బండి కొంటున్నవా, నా దుకాణంల బియ్యం అమ్మవెట్టినవా?” అన్నాడు వీరేందర్.

“మరి పిల్లలనే పెట్టి పడేసి సూడుమంటవా తమ్మీ? దీని మూతి లేస్తలేదు. పైంగ ఎనక కూసున్న పిల్లకు ముందుదాని నెత్తి తప్ప ఏం కనవడుతది?”

పక్కపక్కన కూర్చునేవి రెండు రకాలున్నాయి. ఒకదాని చక్రాలు ఉత్త ప్లాస్టిక్. మా సందులో కంకర తేలింది, దాని మీద నాలుగు రోజులు కూడా ఆగవని పక్కన పెట్టేసింది. రెండోదాన్ని రోడ్డు మీది వాలులోకి తీసుకుపోయి, బ్రేకు తొక్కి, వదిలేసి రెండడుగులు దూరం జరిగింది. వీరేందర్ అబ్బా అని పరుగెత్తబోయాడు. బండి కదల్లేదు. ఒక్క చేత్తో తోసినా వంకరపోలేదు. వెడల్పు ఇరవై తొమ్మిది అంగుళాలు. నిర్మల ముఖం వెలిగిపోయింది, బేరమైనా ఆడకుండా కొనేసింది.

ఇంత పరీక్ష చేసిన మనిషి ఒకటి మరిచిపోయింది. ఆ బండి తొయ్యవలసింది తను కాదు. తొమ్మిదేళ్లు తోసినా ఆమెకు కూర్చునేవాళ్ల గురించి ఆలోచించే అలవాటే గానీ, తోసేవాళ్ల గురించి ఆలోచించే అవసరం ఎన్నడూ రాలేదు. నాకూ తట్టలేదు లెండి.

బండి గుమ్మంలోకి రాగానే సక్కుబాయి మంచం మీంచి లేవకుండానే ముఖం చిట్లించింది.

“ఇదేంది, దవాఖాన బండి లెక్క? నడక రాని పిల్లలను చక్రాల మీద కూసోవెడితె ఇగ వాళ్లకు నడక ఎట్ల వస్తది? నేనైతె ముట్ట.”

మధు బైకు తాళంచెవి తీసుకుని, ఇంకా గంట టైముండగానే డ్యూటీకి జారుకున్నాడు. నిర్మలకు ఒళ్లు మండింది.

“గా చక్రాలు తోసిన చేతులే ఈ ఇంట్ల బువ్వ పెట్టినయ్ అత్తమ్మా. నేను పనికి పోవుడు నీకు ఇష్టం లేదు. గది సక్కగ చెప్పరాదు?”

సక్కుబాయి గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు అత్తాకోడళ్లకు మాటల్లేవు. కొత్త బండి మీద పిల్లల బట్టలు ఆరేస్తున్నారు. నేను కూడా ముసలామెనే తిట్టుకున్నాను. కోడలు నాలుగు రాళ్లు తెస్తే ఓర్వలేదని మా ఆయనతో అన్నాను కూడా.

ఆదివారం సాయంత్రం నిర్మల ఉతికిన యూనిఫాం తేవడానికి డాబా ఎక్కింది. దిగి వచ్చేసరికి ఇంట్లో పిల్లలు లేరు, అత్త లేదు, బండి లేదు. “అక్కా!” అని నిర్మల పెట్టిన కేకకు నేను కత్తెర పడేసి లేచాను. ఇద్దరం సందులోకి ఉరికాం.

సందు చివర సక్కుబాయి కనిపించింది. బండిలో ఇద్దరు పిల్లలూ కాళ్లు ఆడిస్తున్నారు. మంచం పక్కకు బండి జరుపుకుని, ఎత్తకుండా ఒక్కొక్కరినే మెల్లగా అందులోకి జార్చుకుందట. పిడి ఆమెకు రొమ్ము ఎత్తున ఉంది. రెండు చేతులూ దాని మీద మోపి, బరువంతా ఆనించి, అడుగులో అడుగు వేస్తోంది. తోస్తోందనడం కంటే పట్టుకుని నిలబడుతోందనడమే నిజం.

నిర్మల పిల్లలను చూడలేదు. అత్త కాళ్లనే చూస్తూ నిలబడింది.

“ఎన్నొద్దుల సంది, అత్తమ్మా?”

సక్కుబాయి నన్ను చూసింది, పిల్లలను చూసింది. చెప్పక తప్పదనుకుంది కాబోలు.

“పది దినాలైతుంది. సమన్విని ఎత్తుకొని లేస్తుంటె మోకాలు ఒక్కపారి ఇడిసిపెట్టింది. పిల్ల చేతులకెల్లి జారింది. మంచం మీద పడ్డది గాబట్టి సరిపోయింది. గప్పటి సంది పిల్లలను ఎత్తాల్నంటె చేతులు వణుకుతున్నయ్. రేపు నువ్వు పోతె ఈ బండితోనన్న ఏగుతనేమో అని సూస్తున్న.”

“నాకెందుకు చెప్పకపోతివి? జర ఒక్క మాట అంటె అయిపోవు గద!”

“చెప్తె ఇగ పిల్లలను నా చేతికిస్తవా?”

నిర్మల ఏడ్చింది. సందులో మనుషులున్నారని కూడా చూడలేదు. నాకు సిగ్గేసింది. రెండు రోజులుగా గోడ ఇవతల కూర్చుని నేననుకున్నవన్నీ గుర్తొచ్చాయి. మా ఇంటికి, వాళ్లింటికి మధ్య పది అడుగులు లేవు. పిల్లలను ఎత్తేదీ దించేదీ నేను చేస్తాను, కేకేస్తే చాలు, మిషను ఎక్కడికీ పారిపోదు అన్నాను. మోకాలు డాక్టరుకు చూపించే పని మధు నెత్తిన పెడదామన్నాను. సక్కుబాయి బండి పిడి వదల్లేదు, ఇమ్మని నిర్మల అడగనూ లేదు.

కొంగుతో ముఖం తుడుచుకుని నిర్మల అంది, “రేపు ఎనిమిదింటికి నా డ్యూటీ అత్తమ్మా. పోయేముందు ఇద్దరిని నీకే ఇచ్చి పోత.”

సక్కుబాయి బండిని మెల్లగా ఇంటివైపు తిప్పుకుంది.