అరచేత్తో పాట విన్న కాక

గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్‌లో ఉండిన కాక, పాట వింటున్నంతసేపూ అరచేతిని స్పీకర్ పక్కకు ఆనించి ఉంచేవాడు. నడుమెత్తు ఉండే ఆ రెండు స్పీకర్లంటే ఆయనకు ప్రాణం. గనిలో ఏండ్ల తరబడి డ్రిల్లింగ్ మిషన్ మీద పనిచేసి రిటైరయ్యాడు.

ఒక ఏడాది ఆయనకు పాటలు మసకగా వినిపించసాగాయి. స్పీకర్లు మార్చమంటే మాత్రం ఒప్పుకోలేదు.

"కొత్తయి తెచ్చినంక గూడ గిట్లనే ఇనబడితే ఎట్ల బిడ్డా? పోయింది నా చెవులే అని తేలుతది గద!"

పాటలో తేడా పట్టేంత చెవి నాకు లేదు. అందుకే బతిమాలి, కరీంనగర్‌లో ఒక స్పీకర్ల దుకాణానికి తీసుకుపోయాను.

మొదటి జతకు చెయ్యి ఆనించి, "మసకనే ఉన్నది" అన్నాడు. రెండోదానికీ అదే మాట. ఆయన మొహం చూసి, అనవసరంగా తీసుకొచ్చానే అని నాకు భయం పట్టుకుంది.

దుకాణదారు ఈసారి ఖరీదైన మూడో జత మోగించాడు. కాసేపటికి కాక చెయ్యి తీసేసి, వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"పాట ఎత్తుకునే ముందు ఊపిరి తీసుకుంటున్నడు, ఇన్నవా?"

నాకు వినిపించలేదు. ఆయనకు వినిపించింది.

"నా చెవులు మంచిగనే ఉన్నయి బిడ్డా! ముసలియైనయి ఇంట్ల ఉన్న ఆ డబ్బాలే," అని పెద్దగా నవ్వాడు.

ప్యాక్ చెయ్యమంటారా అని దుకాణదారు అడిగాడు.

"ఆగు తమ్మీ, జల్ది ఏముంది? ఇంకో పాట ఇననియ్యి," అన్నాడు కాక.