రాతి మీద నాట్లు

కొత్త కోడలిగా ఉన్న ఆ రోజుల్లో నాకు రాని పని లేదనుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లను కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పాలనిపిస్తుంది (వినేది కాదనుకోండి). పుట్టిల్లు రాజాం దగ్గర, వరి పండించే ఇల్లు. మెట్టినిల్లు సముద్రం ఒడ్డున. అక్కడ ఆటుకు నీళ్ళు వెనక్కి తగ్గగానే ఆడవాళ్ళు రాళ్ళకు అంటుకున్న నల్లటి ఆల్చిప్పలు ఊడదీసుకొచ్చి కూర వండుతారు (గుల్లలంటారు వాటిని). ఒక్కో ఇంటికి ఒక్కో రాయి. ఓ ఉదయం అత్తకు జ్వరం రావడంతో గంప, ఇనుప చువ్వ పట్టుకుని మా రాయి దగ్గరికి నేనే వెళ్ళాను. అత్త చేత మెప్పు పొందాలని ఒకటే ఆత్రం. వరి కోతలో ఒక్క కంకి వదలని దాన్ని, రాతిని వదులుతానా? పెద్దవీ, గోరంతవీ అన్నీ గీకేసి, రాయి నున్నగా తేలితే మురిసిపోయి, గంప తెచ్చి అత్త ముందు దించాను.

"ఒసే, ఇదేటే! వరి మడనుకున్నావేటి? పిల్లగుల్లలు కూడా ఊడ్సీసినావు! బొటనేలు కన్నా సిన్నవి ముట్టకూడదని మీ ఊర్లో సెప్పరేటి?"

(మా ఊళ్ళో సముద్రమే లేదు.)

"అవి మల్లీ ఎదిగీదాకా ఏటి తింతామే?" అని అత్త గోడవైపు తిరిగి పడుకుంది. ఇక నన్ను పుట్టింటికి పంపేస్తుందని వణుకు పుట్టింది. ఆ వణుకులో తట్టిన ఉపాయం కూడా వరిదే. పీకిన నారును నాటడం లేదూ? పాత చీర చింపి, పిల్లగుల్లలను చిన్న చిన్న మూటలు కట్టి, పోటు వచ్చేలోగా రాతి పగుళ్ళలో వరుసగా కుక్కాను. పక్క రాతి మీది ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. "నాట్లేస్తన్నావేటే! నీరు కట్టక్కర్లేదులే, అదే వస్తాది!"

కొన్నాళ్ళకు చూస్తే గుల్లలు పీచు వేసి రాతిని పట్టుకున్నాయి. నా చెయ్యి మంచిదని ముప్పై ఏళ్ళుగా చెప్పుకు తిరిగాను.

నిరుడే అక్షరాలు నేర్చుకున్నాను. మొన్న పేపరు కూడబలుక్కుంటూ అత్తకు చదివి వినిపించాను. చాలా దేశాల్లో రాళ్ళ మీది గుల్లలు తగ్గిపోతున్నాయట. కొన్నిచోట్ల ఇంత కొలత కన్నా చిన్నవి తీయకూడదని చట్టమట. ఇంకొన్నిచోట్ల పిల్లగుల్లలను బట్టలో చుట్టి, తాళ్ళకు కట్టి, సముద్రంలోనే పెంచుతున్నారట.

"సూసినావా అత్తా, దేశాలన్నిట్లోనూ నా పద్ధతే!"

అత్త బోసినోటితో నవ్వింది. "నీ మొకం! నీ మూటలన్నీ మర్నాడే అలకి ఊడి ఒడ్డున పడినాయి. జొరంతోనే ఎల్లి మల్లీ కట్టొచ్చినాను. ఏడుస్తావని సెప్పనేదు."

ముప్పై ఏళ్ళ నా గొప్ప ఒక్క మాటతో పోయింది. పోతే పోయింది గానీ, పుట్టింటికి పంపేస్తారని వణికిన ఆ పిల్లకు ఈ మాట అప్పుడే తెలిసి ఉంటే ఎంత హాయిగా నిద్రపోయేదో.