గుర్రపుడెక్కలో చిక్కుకున్న పూట

ఆ రోజు మా అత్తగారు ఇన్సులిన్ ఇంట్లోనే వేసుకుని బయల్దేరారు. అక్కడికి వెళ్లాక, భోజనానికి ముందు వేసుకోవచ్చని నేనన్నాను. ఆవిడ వినలేదు. ఆవిడ చెల్లెలి కొత్త ఇంటి ప్రతిష్ఠ ప్రార్థనకి చుట్టాలందరూ వస్తారు. అంతమందిలో ఓ గది వెతుక్కుని, తలుపేసుకుని, పొట్టకి సూది గుచ్చుకోవడం ఆవిడకి ఇష్టం లేదు. బిర్యానీ కడుపునిండా తినాలని టిఫిను కూడా సగమే తిన్నారు. దారిలో పూతరేకులు కొందామంటే, ఎవరికి, నన్ను చూస్తూ కూర్చోమనా అన్నారు. చివరికి ఓ చీర, ఓ గోడ గడియారం పట్టుకుని రేవుకి వెళ్లాం.

ఆవిడ ప్రాథమిక పాఠశాల హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. నేను రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా ఆయనకి సెలవు దొరకలేదు కాబట్టి ఇద్దరమే వెళ్లాం. చెల్లెలి ఊరు లంకలో ఉంది. రోడ్డు మీద వెళ్తే రెండు వంతెనలు దాటి చుట్టూ తిరగాలి. రేవు దగ్గర గోదావరి పాయ దాటితే ఎదురుగా వాళ్ల కొబ్బరితోటే.

పాయ నిండా గుర్రపుడెక్క ఉంది. పైన లాకులు ఎత్తినప్పుడల్లా పంట కాలవల్లోది, మురుగు కాలవల్లోది అంతా కొట్టుకొచ్చి ఇక్కడ చేరుతుంది. పడవ నడిపేది యాభై దాటిన మనిషి. వెళ్లగలమా అని అడిగితే, మధ్యలో సందుందండి టీచరు గారూ, వెళ్లిపోవచ్చండి అన్నాడు. ఆ సందు నాకూ కనిపించింది. ఎక్కాం.

సగం దాటాక పోటు వచ్చింది. సముద్రం నీళ్లు కింది నుంచి ఎగదోస్తుంటే, దిగువన ఉన్న డెక్కంతా దగ్గరగా జరిగి ముందున్న సందు మూసేసింది. వెనక్కి తిప్పబోయేసరికి ఇంజను కింద ఫ్యానుకి డెక్క వేళ్లు చుట్టుకుని ఇంజను ఆగిపోయింది. అతను గెడ వేస్తే అది ఆకుల్లో దిగబడింది, పడవ కదల్లేదు. కాసేపటికి మా వెనకాల మేం వచ్చిన దారి ఏదో కూడా తెలియకుండా పోయింది.

"పోటు తీసేదాకా ఇంతేనండి," అన్నాడు. "పాటు మొదలై నీళ్లు కిందికి లాగితే దానంతటదే విడిపోద్దండి."

ఎప్పుడని అడిగాను. మధ్యాహ్నం దాటాలండి అన్నాడు.

అవతలి ఒడ్డున షామియానా కనిపిస్తోంది. మైకులో పాట వినిపిస్తోంది. గాలి ఇటు తిరిగినప్పుడు మసాలా వాసన కూడా వస్తోంది. అత్తగారి చెల్లెలి కొడుక్కి ఫోను చేశాను. నాకు మరిది వరస. వాళ్ల పడవ వేసుకుని వస్తానన్నాడు. వచ్చాడు కూడా, కానీ ఒడ్డుకి దగ్గర్లోనే అదీ ఇరుక్కుంటే తాడేసి వెనక్కి లాక్కున్నారు.

నీడ లేదు. చుట్టూ మెరిసే లావుపాటి ఆకులు, ఊదారంగు పూలు. పొడుగు వేళ్ల పిట్టలు నేల మీద తిరిగినట్టు ఆ ఆకుల మీదే తిరుగుతున్నాయి. పడవ అంచున కాస్త తొలగించి చూస్తే కింద నీళ్లు నల్లగా ఉన్నాయి. ఎండ దిగని ఆ చీకట్లో చచ్చిన ఆకులు కుళ్లుతూ, నీళ్లలో ఉన్న ప్రాణవాయువునంతా తాగేస్తాయి. ఇంతంత చేపపిల్లలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. అడుగు నుంచి బుడగలు లేచి, పగిలి, బురద వాసన కొడుతున్నాయి. ప్రతి ఏడూ నేను బోర్డు మీద బాణాలు గీసి చెప్పే పాఠమే ఇది. ఆ బాణాల మధ్య మనిషి కూర్చోవలసి వస్తే ఎలా ఉంటుందో నాకు అంతవరకూ తోచలేదు.

అత్తగారు మాట్లాడ్డం మానేశారు. కోపం వచ్చిందనుకున్నాను. ఆవిడకి కోపం వస్తే అలాగే పెదవులు బిగించి కూర్చుంటారు. తర్వాత చూస్తే నుదుటి మీద, పై పెదవి మీద చెమట. ఎండకేలే అనుకుని చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది, వణుకుతోంది.

"ఏంటలా ఉన్నారు అత్తయ్యగారూ?"

"ఏం లేదు చెల్లీ," అన్నారు నన్ను చూసి.

నన్ను తన చెల్లెలనుకుంటున్నారు. షుగరు పడిపోతోంది. ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఓ చక్కెర పొట్లం, రెండు చాక్లెట్లు ఉంటాయి. తెరిచి చూస్తే రుమాలు, బైబిలు, కళ్లజోడు పెట్టె. ఇది ఫంక్షన్లకి వాడే బ్యాగు. పడవాయన్ని అడిగితే పొద్దున్న తెచ్చుకున్న టీ అయిపోయిందండి అంటూ ఖాళీ ఫ్లాస్కు తలకిందులు చేసి చూపించాడు. ఇంకేం లేదు. మరిదికి మళ్లీ ఫోను చేసి, పెద్దమ్మకి షుగరు పడిపోతోంది, ఏం చేస్తావో నాకు తెలియదు, తియ్యటిది ఏదైనా పంపించు అన్నాను.

ఆవిడ తల వాలుస్తున్నారు. నిద్రపోనివ్వకూడదు. స్పృహ తప్పితే నోట్లో ఏదీ పోయడానికి కూడా ఉండదు. ఏం మాట్లాడాలో తోచక, "పదమూడో ఎక్కం చెప్పండి అత్తయ్యగారూ," అన్నాను.

ఆవిడ విసుగ్గా చూశారు. అయినా మొదలుపెట్టారు. "పదమూడు ఒకట్లు పదమూడు. పదమూడు రెళ్లు ఇరవై ఆరు. పదమూడు మూళ్లు..." అక్కడ ఆగిపోయారు. "పదమూడు మూళ్లు," అన్నారు మళ్లీ. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లు పిల్లలకి ఎక్కాలు నేర్పిన మనిషికి అది గుర్తుకు రాలేదు. నేను అందించాను. ముప్ఫై తొమ్మిది అని నా వెనకాలే అన్నారు, చిన్నపిల్లలా.

ఓ చేత్తో ఆవిడ భుజం పట్టుకుని, రెండో చేత్తో ఎందుకో ఒక డెక్క కాడ తుంచాను. విరిస్తే లోపల తెల్లటి బెండు, నీటి చుక్కలు. అందులో ఉన్నది చక్కెరే. ఆకు గాలిలో బొగ్గుపులుసు వాయువుని పట్టుకుని, ఎండతో చక్కెర చేసి, దాన్ని గొలుసులుగా పేర్చి పీచు కడుతుంది. ఆ గొలుసు విప్పే సూక్ష్మజీవులు గేదె కడుపులో ఉన్నాయి, కింద బురదలో ఉన్నాయి. మనిషి కడుపుకి ఆ పని చేతకాదు. ఒడ్డు నుంచి ఒడ్డు దాకా లారీల కొద్దీ చక్కెర పరుచుకుని ఉంది. ఎండ ఇంకా పోస్తూనే ఉంది, ఆకులు ఇంకా చేస్తూనే ఉన్నాయి. నా పక్కన ఒక మనిషి చెంచాడు చక్కెర లేక చల్లబడిపోతోంది. కాడ విసిరేశాను. అది ఆకుల మీదే పడింది, నీళ్ల దాకా వెళ్లలేదు.

ఎక్కం ఏడు దగ్గర ఉండగా ఒడ్డున అలికిడైంది. భోజనాల బల్లల పైన వేసే ప్లైవుడ్ చెక్కలు రెండు తెచ్చారు. మరిది ఒకటి డెక్క మీద పరిచి దాని మీద బోర్లా పడుకున్నాడు. రెండోది ముందుకి తోసి దాని మీదికి పాకాడు. తర్వాత వెనకదాన్ని లాగి ముందుకి వేశాడు. డెక్క అంత మందంగా ఉంది, అతని బరువుకి వంగిందే గానీ తెగలేదు. మెడలో తువ్వాలు, తువ్వాలులో కూల్‌డ్రింకు సీసా. నడుముకి కట్టిన తాడు ఒడ్డున నలుగురి చేతుల్లో ఉంది. ఆడవాళ్లెవరో పైకే ప్రార్థన చేస్తున్నారు. అతను ఆగి ఊపిరి తీసుకున్న ప్రతిసారీ నేను అత్తగారిని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

పడవాయన అతన్ని రెండు చేతులతో పైకి లాగాడు. సీసా మూత నేను తియ్యలేకపోతే అతనే తీశాడు. మూతతో కొంచెం కొంచెంగా పోశాను. మొదటిది పెదవుల పక్క నుంచి కారిపోయింది. రెండోది మింగారు. ఆ తర్వాత తనే సీసా కోసం చెయ్యి చాపారు.

కాసేపటికి ఆవిడ కళ్లు నిలకడగా చూడ్డం మొదలుపెట్టాయి. బురదలో తడిసిన మరిది తెల్ల చొక్కా చూసి, ఇదేంట్రా ఇలా వచ్చేవు అన్నారు. అతను నవ్వాడు గానీ వెంటనే మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఇంకా పోటు తియ్యలేదు. నలుగురం అలాగే కూర్చున్నాం. నేను నెమ్మదిగా, బ్యాగు మార్చినప్పుడు చక్కెర పొట్లం మర్చిపోయారా అని అడిగాను.

"మర్చిపోలేదమ్మా. కావాలనే తీసేసేను." చీర కొంగుతో మెడ తుడుచుకున్నారు. "ఇన్నేళ్ల నుంచి గడియారం చూసే తింటన్నాను. ఆకలేసి తిన్న రోజు లేదు. ఎక్కడికెళ్లినా ఆ పొట్లం, ఆ సూది. ఇవాళొక్క పూట మామూలు మనిషిలా వెళ్లి తినొద్దామనుకున్నాను."

ఆవిడ చెయ్యి నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వెచ్చబడుతోంది.

పాటు మొదలయ్యాక, పడవాయన చెప్పినట్టే, డెక్క ముక్కలు ముక్కలుగా విడి దిగువకి కదిలింది. అతను ఫ్యానుకి చుట్టుకున్న వేళ్లని కొడవలితో కోసి ఇంజను తిప్పాడు. ఒడ్డుకి చేరేసరికి ప్రార్థన అయిపోయింది, చాలామంది తిని వెళ్లిపోయారు. చెల్లెలు అక్కగారిని పట్టుకుని ఏడ్చింది. పక్కింటి నర్సమ్మ వేలికి సూది పొడిచి షుగరు చూసి, పర్వాలేదండి అంది. అత్తగారు నేరుగా బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుని, చల్లారిపోయిన బిర్యానీ అందరూ చూస్తుండగా తిన్నారు.

మరిది పిలిపించిన కారు వచ్చేదాకా గట్టు మీద కుర్చీలేసుకుని కూర్చున్నాం. డెక్క పాయ వెంట సముద్రం వైపు పోతోంది.

"అదంతా ఏమైపోద్ది?" అని అడిగారు అత్తగారు.

ఉప్పునీళ్లలో చచ్చిపోతుందని చెప్పాను. కొంత రొయ్యలకీ చేపలకీ మేత, కొంత బురదలో కూరుకుపోతుంది, మిగతాది గాలిలో కలిసి మళ్లీ ఎక్కడో ఆకులోకి చేరుతుంది.

"అయితే మళ్లీ వస్తదన్నమాట."

"ఆయ్. వస్తుందండి."

తిరుగు ప్రయాణానికి ఆవిడ పడవ ఎక్కనన్నారు. రోడ్డు మీదే వచ్చాం. రెండు వంతెనలు, మధ్యలో కాలవ గట్టు మీద సన్నటి దారి. ఆ గట్టు పొడుగునా కాలవలో నీళ్లు కనిపించకుండా అదే పచ్చదనం. అత్తగారు కాసేపు చూసి, కారు అద్దం పైకెత్తమన్నారు.